బేరములు లేని వేళలు

విజయవాడ ఏలూరు రోడ్డునుండి గవర్నరుపేటలోనికి పోవు సందులలో ఒకదానియందు, ఒక ప్రక్క సైకిళ్ళు బాగుచేయు షాపును వేరొక ప్రక్క రబ్బరు స్టాంపులు చేయువాని గదియు హద్దులుగా, బారన్నర వెడల్పును ఆరు బారల పొడవును గల గదిలో నేను 1964వ సంవత్సరము మొదలుకొని పాత పుస్తకముల కొట్టు నడిపితిని. ఆ సంగతి తెలిసి నేడు నన్ను పలుకరించువారు, అపురూపమైన గ్రంథములు ఎన్నో మీ చేతిమీదుగా పోయియుండునే యని అడుగుదురు. పోయినమాట నిజమే. కాని ఆ కాలమును తలచుకొన్నపుడు నా మనస్సున ముందుగా నిలుచునది ఏ యొక్క పుస్తకమును కాదు. మనిషి అలికిడి లేక, గల్లాపెట్టె మూత తీయవలసిన అవసరము రాక, ఉదయమునుండి దీపములు పెట్టువేళ వరకు దీర్ఘముగా సాగిపోయిన దినములు. ఆ దినములను నష్టముక్రింద వ్రాసికొన్న వర్తకుడు పాత పుస్తకముల వ్యాపారమునందు నిలువజాలడని నా నమ్మకము. కొనుట, కుట్టుట, సరిచూచుట, చదువుట, జ్ఞాపకముంచుకొనుట, ఇన్నియు ఆ దినములయందే జరుగవలెను. అమ్ముట యొక్కటే సందడి దినముల పని. అది అన్నిటికంటె చిన్న పని.

మా సంవత్సరమునకు పంచాంగము వేరు. జూన్ నెలలో బడులును కాలేజీలును తెరచునప్పుడు మొదలైన త్రొక్కిడి జూలై సగము వరకు ఉండెడిది. పై తరగతికి పోయిన పిల్లవాడు క్రింది తరగతి పుస్తకములు తెచ్చి పడవేసి, వాని వెల మినహాయించుకొని పై తరగతివి పట్టుకొని పోయెడివాడు. అచ్చు వెలలో పావుకు కొనుట, సగమునకు అమ్ముట, ఇది మామూలు. ఆ యైదారు వారముల సొమ్ముతోనే కొట్టు అద్దెయు ఇంటి బియ్యమును దసరా వరకు గడువవలెను. సిలబసు మారిన యేట ఆ సొమ్మును రాదు. ముందటి యేడు కొని పేర్చుకొన్నవన్నియు ఒక్క సర్కారు ఉత్తర్వుతో చిత్తుకాగితములై కూర్చుండును. ఆషాఢము దాటి, కృష్ణకు క్రొత్త నీరు వచ్చి, మూడు కాలువలును నిండుగా పారు దినములు మొదలైనవనగా మాకు నిశ్శబ్దము మొదలైనదన్నమాట. దీపావళికి పత్రికల ప్రత్యేక సంచికలు కొంత కదలిక తెచ్చును. సంక్రాంతి వెనుక మరల శూన్యము. వేసవిలో నవలలు పోవును గాని, బెజవాడ ఎండలో మధ్యాహ్నము ఒంటిగంట మొదలు నాలుగు గంటల వరకు వీథిలో కాకియు కనబడదు.

1972 చివరను జై ఆంధ్ర ఉద్యమము వచ్చి, బందులును కర్ఫ్యూలును పెరిగి, కాలేజీలు నెలల తరబడి మూతపడినపుడు మాత్రము ఆ నిశ్శబ్దము భయముగొలుపునదిగా నుండెను. సగము మూసిన తలుపు వెనుక కూర్చుండి, బూట్ల చప్పుడు సందు దాటిపోవు వరకు చేతిలోని పుట త్రిప్పకుండ ఆగిన దినములు కలవు. పాఠ్యపుస్తకము నడుగువాడే లేడు. కాని చిత్రమేమనగా, కర్ఫ్యూ సడలించిన ఆ గంట రెండు గంటలలో పాలకును కూరలకును పరుగెత్తుచున్న జనములోనుండియే ఎవరో యొకరు విడిపోయి వచ్చి, నాలుగు డిటెక్టివ్ నవలలు చంకన బెట్టుకొని పోయెడివారు. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరుడు ఆ చలికాలమున ఎన్ని ఇండ్లలో జనమును ఇంటిపట్టున నిలిపెనో!

పుస్తకము ఈ ఊరికి ఎట్లు వచ్చి చేరినదో ఒకింత చెప్పవలెను. మద్రాసులో వావిళ్ళవారు 1854లో స్థాపించిన ముద్రణసంస్థ మొదలుకొని, తెలుగు పుస్తకమునకు చిరకాలము చెన్నపురియే పుట్టినిల్లు. రాష్ట్రము వేరుపడిన పిదప ప్రచురణకర్తలును పత్రికలును ఒక్కొక్కరుగా కృష్ణ యొడ్డునకు తరలివచ్చిరి. 'ఆంధ్రజ్యోతి' దినపత్రిక 1960లో ఇక్కడనే పుట్టెను. ఏలూరు రోడ్డు పొడుగునను పుస్తకముల షాపులు వెలసెను. క్రొత్త పుస్తకము పుట్టుచోటనే పాత పుస్తకమును పోగగును. ఆ పోగులో చేయి పెట్టి బ్రదికినవారము మేము కొందరము. సందులోని నావంటివారును, నేడు లెనిన్ సెంటరని పిలుచు తావున పేవ్‌మెంటుమీద పరచుకొని కూర్చుండువారును ఒకరికొకరము పోటీదారులము కాము. నా యొద్ద లేనిది అతనియొద్ద నుండునని పంపెడివాడను, అతడును అట్లే పంపెడివాడు.

ఇక నిశ్శబ్దమునందలి పని. ఒక గోతాము పుస్తకములు వచ్చినవనుకొనుడు. ముందుగా దుమ్ము దులిపి ఒక పూట నీడను ఆరబెట్టవలెను; ఎండలో బెట్టినచో అట్టలు విల్లువలె వంగును. పిమ్మట ఫారములు సరిచూడవలెను. ఆ కాలపు అచ్చులో పదునారు పుటల కొక ఫారము. ప్రతి ఫారము మొదటి పుట అడుగున చిన్న అంకె యుండును. ఆ అంకెలను వరుసగా చూచుకొనిపోయినచో ఎచట తెగినదియు తెలియును. ఇది తీరిక లేనివాడు చేయు పని కాదు. చివరి ఫారము లేని అపరాధపరిశోధన నవలను తెలియక అమ్మిన వర్తకునిపై పాఠకునకు కలుగు కోపము సామాన్యమైనది కాదు. అట్టి పుస్తకమును నేను ఎన్నడును అమ్మలేదు. వేర్వేరు చోట్ల తెగిన రెండు ప్రతులనుండి నిండు ప్రతిని ఒకదానిని చేయుటయు, మొదలు లేనిదానిని తుద లేనిదానిని ఏండ్లపాటు అటకమీద నుంచి జత కూర్చుటయు మాకు పరిపాటి.

కుట్టుపని యంతయు శ్రావణ భాద్రపదములలో. మైదాపిండి జిగురు ఉడికించి, పురుగు ముట్టకుండ అందులో మైలుతుత్తము చిటికెడు కలిపెడివాడను. దబ్బనముతో మూడు తూట్లు పొడిచి, మైనము పట్టించిన దారముతో బిగించి, వీపునకు క్యాలికో అంటించి, పైన రోలు బరువు పెట్టవలెను. ముసురు పట్టినపుడు ఆ జిగురు ఆరుటకు రెండు దినములు పట్టును. రాకులలో వసకొమ్ములు, ఎండిన వేపాకు, మూలమూలకు కలరా ఉండలు. చెదలు మాత్రము వీనికి దేనికిని జంకదు. గోడకు జానెడు ఎడముగా రాకులు నిలుపుటయు, వాని కాళ్ళ క్రింద కిరసనాయిలు చుక్క వేయుటయు, వారమున కొకసారి అడుగువరుస యంతయు తీసి చూచుటయు తప్ప వేరు మందు లేదు.

వెల వ్రాయుటలో నాకొక పద్ధతి యుండెను. అమ్మకపు వెల పెన్సిలుతో మొదటి పుట మూలను అంకెలలోనే వ్రాసెడివాడను. కొన్న వెల మాత్రము చివరి అట్ట లోపల అక్షరములలో వ్రాసికొనెడివాడను. మా వీథిచివర నుండిన వృద్ధ జ్యోతిష్కుడు నాకు కటపయాది సంఖ్య నేర్పెను. అందు ప్రతి హల్లునకును ఒక అంకె కలదు. అంకెలను కుడినుండి ఎడమకు చదువవలెను. మ యనగా ఐదు, ర యనగా రెండు, క యనగా ఒకటి. కావున రూపాయి పావలాకు కొన్న పుస్తకముపై 'మరక' యని యుండును. బేరమాడువాడు ఎంత చదువరియైనను దాని మర్మము కనిపెట్టలేదు. నాకు మాత్రము ఎంతవరకు దిగవచ్చునో ఒక్క చూపులో తెలియును. గ్రహగణితమునకై పూర్వులు కల్పించినది పాతపుస్తకముల కొట్టులో అక్కరకు వచ్చినదని ఆ జ్యోతిష్కుడు మిక్కిలి ఆనందించెడివాడు.

పుస్తకములు వచ్చు త్రోవలు మూడు నాలుగు. ప్లీడరుగారు గతించినపుడు లా రిపోర్టులు తోటి ప్లీడరు పట్టుకొనిపోవును, సాహిత్యము మాకు వచ్చును. ఉద్యోగమునందు బదిలీ వచ్చినవారు సామాను తేలికచేసికొనుటకు అమ్ముదురు. ఆడపిల్ల పెండ్లికి ఇంటికి సున్నము వేయించునపుడు అటకమీది ట్రంకుపెట్టె క్రిందికి దిగును. ఈ మూడింటికిని మించిన త్రోవ చిత్తుకాగితముల కొట్టు. వన్ టౌనులో తూకమునకు కాగితము కొనువారు ముగ్గురు నాకు వాడుక. ఊరిలోని పాత కాగితమంతయు వారి త్రాసుమీదికి వచ్చి, అచటనుండి కిరాణా కొట్లకు పొట్లములై పోవును. 1924లో మొదలైన 'భారతి' మాసపత్రిక పుటలో జీలకర్ర కట్టి యిచ్చిన పొట్లమును నా భార్య ఒకనాడు విప్పి నా ముందు పెట్టినది. శాసనవ్యాసమొకటి దానిలో సగము వరకు ఉన్నది. తక్కిన సగము ఏ యింట మిరియములు మోయుచున్నదో! ఆ మరునాడే నేను త్రాసులవారితో ఒడంబడిక చేసికొంటిని.

"బాబుగారూ, మాకు ఏది మంచిదో ఏది కాదో ఏం తెలుస్తుందండీ? వారానికోసారి మీరే వచ్చి ఏరుకోండి. తూకం రేటుకి పైన అర్ధరూపాయి ఎక్కువ ఇయ్యండి, చాలు" అని వారిలో పెద్దవాడనెను. ఆ మాట మీద అతడు ఇరువదియేండ్లు నిలిచెను. నేను పోలేని వారమున గోతాములు విప్పకుండ పక్కన బెట్టించెడివాడు. అక్షరము రాని ఆ మనిషి తెలుగు వాఙ్మయమునకు చేసిన మేలు ఏ పీఠికయందును చెప్పబడలేదు కావున ఇచట చెప్పుచున్నాను.

గ్రంథాలయముల ముద్రలు పడిన పుస్తకముల విషయమున నాకొక కట్టడి యుండెను. బెజవాడ రామమోహన గ్రంథాలయము 1911లో పుట్టిన ఊరిది. 1914లో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము ఏర్పడిన ఊరిది. అయ్యంకి వెంకటరమణయ్యగారివంటివారు ఊరూర తిరిగి, చందాలు వసూలు చేసి, అరుగులమీద పెట్టిన పుస్తకములవి. 'కొట్టివేయబడినది' అను రెండవ ముద్ర లేనిదానిని నేను కొనెడివాడను కాను. త్రాసుమీద కనబడినచో తూకమునకు కొని, ఆ ఊరి బస్సు కండక్టరుచేతికిచ్చి పంపెడివాడను. కొన్ని ఊళ్ళనుండి ఉత్తరము వచ్చెడిది. కొన్ని ఊళ్ళలో గ్రంథాలయమే లేదని కండక్టరు మరల తెచ్చి యిచ్చెడివాడు. అట్లు మరలివచ్చినవి నా గదిలో ఒక రాకు నిండా ఉండెడివి. వానిని అమ్ముటకు నా మనస్సు ఒప్పలేదు.

గుట్ట తిరుగవేయుచున్నపుడు తెలుగు ముద్రణచరిత్ర యంతయు వ్రేళ్ళకు తగిలెడిది. వావిళ్ళవారి ప్రతి నిదానమైనది, అచ్చుతప్పు వెదకినను దొరకదు. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ప్రభృతులు నెలకొల్పిన విజ్ఞానచంద్రికా మండలివారి సంపుటములు, కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1926లో ఆరంభించిన ఆంధ్ర గ్రంథమాలవారి చవుకవెల ప్రతులు, రాజమహేంద్రవరపు ప్రచురణలు, దేనికి దానికే యొక రూపు. రెండవ ప్రపంచయుద్ధకాలపు పుస్తకమును కన్నులు మూసికొనియు పోల్చగలిగెడివాడను. కాగితపు కట్టడి దినములు గనుక పుట గరుకుగా నుండి మడత పెట్టినచోట విరిగెడిది. బందరు ఎమెస్కోవారి పాకెట్ పుస్తకములు వచ్చిన పిదప నెలజీతపు గుమాస్తా యింటను చిన్న బీరువా వెలసెను. నయాపైసలు 1957లోనే వచ్చినను నా రాకులలో మాత్రము అణాల వెలలే ఎక్కువ. పండ్రెండణాల పుస్తకమును రెండు రూపాయలకు ఏల కొనవలెనని వాదించువారికి ఆ పండ్రెండణాలకు ఆనాడు ఎన్ని శేర్ల బియ్యము వచ్చెడివో చెప్పవలసివచ్చెడిది.

సోవియట్ పుస్తకములను వేరుగా తలచుకొనవలెను. మాస్కో ప్రగతి ప్రచురణాలయమువారు అచ్చువేసి పంపగా విశాలాంధ్రవారు అమ్మిన ఆ గ్రంథములు, కుట్టు వీడక, పుట పసుపెక్కక, ఎన్ని చేతులు మారినను క్రొత్తవిగానే వచ్చెడివి. ఉప్పల లక్ష్మణరావుగారు మాస్కోలో కూర్చుండి తెనిగించినవి వానిలో ననేకములు. రైల్వేలో చేరిన క్రొత్త కుర్రవాడొకడు డ్యూటీ దిగి వచ్చి, పెరెల్‌మన్ వ్రాసిన భౌతికశాస్త్ర గ్రంథమును రాకు నానుకొని నిలుచుండి, దినమునకు కొంతగా చదువుచుండెడివాడు. కొనుటకు అతనియొద్ద డబ్బు లేదని నాకు తెలియును. బేరము లేని వేళ గనుక నాకు నష్టమేమియు లేదు. నేనొక స్టూలు వేయించితిని. పుస్తకము ముగిసిన దినమున అతడు, "బాబాయిగారూ, ఇందులో ఒక లెక్క తప్పుందేమో అనిపిస్తోందండీ" అని కాగితము మీద వేసి చూపెను. తప్పు పుస్తకముది కాదు, అతనిదే యని తేలుటకు మా యిద్దరికిని నాలుగు మధ్యాహ్నములు పట్టినవి. రద్దీ యుండు కొట్టులో ఆ నాలుగు మధ్యాహ్నములు ఎవరికి దొరకును?

నిశ్శబ్దమునందు చదివిన చదువు వలన కలిగిన ఫలము నొకదానిని చెప్పెదను. సత్యనారాయణపురమునందు పదవీవిరమణ చేసిన తెలుగు పండితుడొకరు కందుకూరి వీరేశలింగముగారి 'ఆంధ్రకవుల చరిత్రము'నందు పూర్వకవులను గూర్చిన మొదటి భాగమును, ఆధునికకవులను గూర్చిన మూడవ భాగమును ఒకే ముద్రణవి కలిగియుండి, మధ్యకాలపు కవుల భాగముకొరకు నా కొట్టునకు వచ్చెడివారు. వచ్చినప్పుడెల్ల, "ఏం నాయనా, మా నడిమివాడు దొరికాడా?" అనెడివారు. వేరు ముద్రణది చూపినచో తల యూపి మరల రాకులో పెట్టెడివారు. ఒక భాద్రపదమున గుడివాడ ప్రాంతపు కరణముగారి యింటినుండి వచ్చిన గోతాములో ముఖపత్రము లేక, మొదటి ఫారము లేక, పేరు తెలియని లావు పుస్తకమొకటి దొరకెను. అట్టివి సాధారణముగ పక్కకు పోవును. ముసురు విడువలేదు, బేరము లేదు. నేను దానిని మొదటినుండి చదువుటకు పూనుకొంటిని. మూడవనాటికి అది నడిమివాడేయని తెలిసెను. పాత ప్రతి యొకటి ఎరువు తెచ్చి, లేని పదునారు పుటలను ముత్యాలవంటి దస్తూరి గల ఒక బడిపంతులుచేత వ్రాయించి, అదే కొలతకు కత్తిరించి, లోపల కుట్టి యుంచితిని. పండితులవారు వచ్చి, చేతిలోనికి తీసికొని, ఏమియు ననలేదు. ఇంటికి పోయి తక్కిన రెండు భాగములను సంచిలో పెట్టుకొనివచ్చి, "మూడింటికీ ఒకే గుడ్డ వేసి కుట్టు నాయనా" అనిరి.

సరకుకొరకు ఏటికొక్కసారి మద్రాసు పోయి సెంట్రల్ స్టేషను ప్రక్కనున్న మూర్ మార్కెట్టులో రెండు దినములు తిరిగెడివాడను. మనదగ్గర ఎక్కడను దొరకని తెలుగు పుస్తకములు ఆ ఎర్రయిటుకల వరండాలలో తమిళ పుస్తకముల అడుగున నలుగుచు కనబడెడివి. భాష రాని వర్తకుడు బొమ్మనుబట్టి వెల చెప్పెడివాడు. 1985 మే నెలలో ఆ మార్కెట్టు అగ్నికి ఆహుతియైనదని పత్రికలో చూచిననాడు నేను కొట్టు తెరువలేకపోతిని.

మా వ్యాపారము సన్నగిల్లుట ఒక్కనాటి సంగతి కాదు, ఒక్క కారణముననైనదియు కాదు. 1987లో దూరదర్శనమునందు రామాయణము మొదలైన పిదప ఆదివారపు ఉదయము, మాకు అన్నిటికంటె మంచి పూట, వీథిలో మనిషి లేకపోయెను. అద్దె లైబ్రరీలు ఒక్కొక్కటిగా వీడియో షాపులాయెను. జెరాక్సు వచ్చి, పుస్తకము కొనుటకు బదులు కావలసిన పది పుటలు చాలునను బుద్ధి నేర్పెను. 1991 తరువాత సోవియట్ పుస్తకముల రాక ఆగిపోయెను. 'భారతి'యు ఆ యేడే ఆగెను. ఇండ్లు పోయి అపార్టుమెంట్లు వచ్చెను. అటక లేని యింట పాత పుస్తకము నిలువదు; నిలువనిది మా యొద్దకు రాదు. అన్నిటికంటె నన్ను కలచినది సందులోని అద్దెలు పెరుగుట. నెల తిరుగుసరికి ఇంత కట్టవలెననెడి తొందర వచ్చిన పిమ్మట, ఏడేండ్లకు జత కుదురు పుస్తకమునకు రాకులో చోటు పెట్టుట సాధ్యము కాదు. కొందరు మిత్రులు గైడ్లకును పోటీపరీక్షల పుస్తకములకును మారి నిలద్రొక్కుకొనిరి. వారిని నేను తప్పు పట్టను, పిల్లలు గలవారు. నాకు మాత్రము ఆ సరకు వేగము చేతగాలేదు. గదిని వదలివేసి, తగిన సరకును వేటపాలెము వైపు గ్రామగ్రంథాలయము లొకటి రెంటికిని, కళాశాల ఉపన్యాసకులకును, పేవ్‌మెంటు మిత్రులకును పంచి యిచ్చితిని. దిక్కులేని ముద్రల రాకును కూడ గ్రంథాలయమునకే పంపితిని.

ఇప్పుడు పాత తెలుగు గ్రంథములు వేలకొలదిగా స్కాను చేయబడి, కోరిన క్షణమున తెరమీద నిలుచుచున్నవి. ఇది మహోపకారము. సత్యనారాయణపురపు పండితులవారు బ్రదికియున్నచో నడిమివానిని మనుమడు నిమిషములో చూపియుండును. ఆ పని చేసినవారికి చేతులెత్తి మ్రొక్కవలెను. అయినను, తెరమీద వెదకువాడు పేరు తెలిసినదానిని వెదకును. పేరు తెలియనిది, ముఖపత్రము లేనిది, ఏ పట్టికయందును ఎక్కనిది, దానికి దిక్కెవరు? ఇట్టివానిలో ఒక జాతిని గూర్చి చెప్పి ముగింతును, ఏలయన వాని విషయమున ఇంకను సమయము మించలేదు.

1950 మొదలు 1980 వరకు మన యిండ్లలో స్త్రీలు వారపత్రికలలోని సీరియలు పుటలను వారము వారము కత్తిరించి, దాచి, కథ ముగిసిన పిదప బైండు చేయించుకొనుట వాడుక. 'ఆంధ్ర సచిత్ర వారపత్రిక', 'ఆంధ్రప్రభ', ఏది తెప్పించుకొన్నను ఇంటింట ఇట్టి కుట్టు పుస్తకము ఒకటి రెండైనను ఉండెడివి. అట్టమీద పేరుండదు, ఉన్నచో గృహిణి చేతివ్రాతలో నుండును. సంక్రాంతి వెనుకటి చప్పుడు లేని దినములలో నేను వీనిని చదువుచు ఒక నోటుబుక్కులో పట్టిక వ్రాసికొంటిని. కొన్ని సీరియళ్ళు పిమ్మట నవలలుగా వచ్చెను. వచ్చినను, బాపుగారు ప్రతివారమును వేసిన బొమ్మలు నవలలో లేవు. రచయిత మార్చిన ముగింపులు కలవు, కత్తిరించిన అధ్యాయములు కలవు. అనేకములు పుస్తకరూపమునకు ఎన్నడును రాలేదు; ఆ కథకు లోకమున మిగిలియున్న రూపము ఆ కుట్టు పుస్తకమొక్కటే. పుట వెనుకవైపు ఏ అమృతాంజన ప్రకటనయో, ఏ పాఠకురాలి లేఖయో సగము తెగియుండి, సంచిక తేదీని పట్టుటకు సాయపడును. అంచులలో పాలవాని లెక్క, చంటివాని జ్వరపు వివరము, "ఇక్కడ వాళ్ళు కలుసుకుంటే బాగుండేది" అను మాట. త్రాసువాడు వీనిని పుస్తకముగానైనను లెక్కింపడు, అతుకుల కాగితమని తక్కువ కట్టును. నేను కొట్టు మూసినను వీనిని మాత్రము ఇంటికి తెచ్చుకొంటిని. పరిశోధన చేయు పిల్లలు ఇరువురు వచ్చి పట్టిక చూచుకొని, అందు పేరు తెలియనివానిలో కొన్నిటికి రచయితలను కనిపెట్టి పోయిరి. తక్కినవానికి ఇంకను పేరు దొరకవలసియున్నది. మీ యింట అమ్మమ్మగారి పెట్టెలోగాని, పాత బీరువా అడుగునగాని ముఖపత్రము లేని కుట్టు పుస్తకము కనబడినచో, దయయుంచి తూకమునకు వేయకుడు. వెనుకవైపు తేదీ కొరకు చూడుడు. బొమ్మ క్రింద సంతకము చూడుడు. మొదటి పుటయు చివరి పుటయు ఫోటో తీసి, దగ్గరనున్న ఏ గ్రంథాలయమునకైనను, తెలుగు శాఖ గల ఏ కళాశాలకైనను చూపుడు. కుట్టు వదులైనచో టేపు అంటింపకుడు. మైదాజిగురులో మైలుతుత్తము చిటికెడు చాలును.